పరుగు బాబాయి చూడకుండా వదిలేసిన చీటీ

ఆ నిఘంటువు కార్యాలయంలో అందరికంటే నిదానంగా నడిచే మనిషికి పరుగు అప్పజెప్పారు. ఇంగ్లీషు మాటలకు మన భాషలో అర్థాలు చెప్పే పెద్ద పుస్తకం ఒకటి అక్కడ ఏళ్ల తరబడి తయారవుతోంది. అందులో ‘రన్’ అనే మాట ఆయన వాటాకు వచ్చింది. అప్పటినుంచీ ఆయన పేరు పరుగు బాబాయి.

ఎడమ మోకాలు అరిగిపోయిన మనిషి. ఆఫీసుకి ఇరవై రెండు మెట్లు. ఆయన కింది మెట్టు మీద కాలు మోపేటప్పుడు వాచ్‌మన్ స్టవ్ మీద టీ పెడితే, పైమెట్టు ఎక్కేలోగా ఆ టీ మరిగి, వడకట్టడమై, అందరూ తాగేసి, గ్లాసులు కడిగి బోర్లించడం కూడా అయిపోయేదని వాచ్‌మన్ చెప్పేవాడు. బాబాయి మాత్రం ఒప్పుకునేవాడు కాదు.

“అబద్ధం చెప్పినా అతికినట్టుండాలోయ్. గ్లాసులు కడిగావా నువ్వు? ఎప్పుడు?” అనేవాడు.

చదువు తొమ్మిదో తరగతిలోనే ఆగిపోయింది. ఎందుకు ఆగిందని అడిగితే లెక్కల మాస్టారు ఇంటికొచ్చి మరీ మానెయ్యమని బతిమాలాడని చెప్పేవాడు. తాను ఇంకో ఏడాది కూర్చుంటే మాస్టారికి చెప్పడానికేమీ మిగలదట. బడి మానేశాక ఇరవై రెండేళ్లు ఒక అచ్చాఫీసులో కంపోజిటరుగా ఉన్నాడు. సీసపు అక్షరాలు ఒక్కొక్కటే అరల్లోంచి ఏరి వరసలో పేర్చే పని. ఇంగ్లీషు ఆయనకు అక్కడే అబ్బింది, అదీ తలకిందులుగా. ఇప్పటికీ ఎదుటివాడి చేతిలో ఉన్న ఉత్తరాన్ని వాడికంటే ముందు చదివేసి, “మీ బావమరిది రావట్లేదులే, కంగారుపడకు” అనగలడు. అచ్చాఫీసు మూతపడ్డాక నిఘంటువు వాళ్లు పెట్టెలు మొయ్యడానికని పెట్టుకున్నారు. పెట్టెలు మోస్తూ మోస్తూ వాటిలో ఉన్నవి చదివేయడం మొదలుపెట్టాడు.

ఉన్నవన్నీ చీటీలు. ఎక్కడెక్కడి మనుషులో తాము చదివిన పుస్తకాల్లోంచి, పత్రికల్లోంచి ఒక్కో వాక్యం కాగితమ్ముక్క మీద రాసి పంపేవారు. ఏ మాట కోసం పంపారో ఆ మాట కింద ఎర్రగీత. ‘ఆర్’ అక్షరం వంతు వచ్చిన రోజున సంపాదకుడైన పెద్దాయన పెట్టెలన్నీ బల్లమీద పెట్టించి, ఎవరికి ఏది కావాలో ఏరుకోమన్నాడు. ఎమ్మే చదివిన కుర్రాడు, ఆఫీసులో అందరూ ‘ఎమ్మే’ అనే పిలిచేవారు, ‘రూన్’ తీసుకున్నాడు. పూర్వం రాళ్లమీద చెక్కిన అక్షరాలట. ఏడే చీటీలు. పదిహేను రోజుల్లో ముగించి కాళ్లూపుతూ కూర్చున్నాడు. ‘రన్’ పెట్టెలు నాలుగు. మూడు వేల చీటీలకు పైమాటే. వాటి జోలికి ఎవరూ పోలేదు. పెట్టెలు మోసుకొచ్చిన బాబాయి అక్కడే నిలబడి ఉన్నాడు.

“మళ్లీ కిందికి మోయడం నావల్ల కాదు సార్. నాకే ఇచ్చెయ్యండి,” అన్నాడు.

అలా ఇచ్చేశారు. అది జరిగి ఆరేళ్లు.

ఆ ఆరేళ్లూ ఆయన్ని చీటీలు సర్దే అరల గోడ దగ్గర కట్టేసింది ఒకటే ఆశ. పుస్తకంలో ప్రతి మాట కిందా దాన్ని పూర్తిచేసిన మనిషి పొడి అక్షరాలు రెండు చిన్న సైజులో అచ్చవుతాయి. ఇరవై రెండేళ్లు ఊరందరి పేర్లూ పేర్చాడు. పెళ్లి పత్రికలు పేర్చాడు, పోయినవాళ్ల కార్డులు పేర్చాడు, ఓడిపోయే అభ్యర్థుల కరపత్రాలు పేర్చాడు. తన పేరు ఒక్కసారీ అచ్చులో పడలేదు. రెండే అక్షరాలు, ఆవగింజంత. అవి పడితే చాలు.

అయితే ఆ అక్షరాలు ఊరికే పడవు. మాట పూర్తయిందనుకున్న రోజున దాని చీటీలకి ఎర్రదారంతో ముడి వెయ్యాలి. పొడుగు బల్ల చుట్టూ ఆఫీసంతా చేరుతుంది, వాచ్‌మన్‌తో సహా. మాట తాలూకు మనిషి నిలబడి ఏ అరలో ఏ అర్థం ఉందో వరసగా చదువుతాడు. అక్కడున్నవాళ్లలో ఎవరైనా సరే ఒక వాక్యం విసరొచ్చు. అది ఏ అరలో ఇముడుతుందో ఆయన చూపించాలి. చూపిస్తే సరే. చూపించలేకపోతే ఆ రోజుకి ముడి లేదు. మూడుసార్లు అలా తప్పితే మాట చేతులు మారుతుంది. తప్పు పట్టినవాళ్లకు బహుమతి నెల్లాళ్లపాటు ఫ్యాను కింద కుర్చీ. అందుచేత ముడి రోజు వచ్చిందంటే ఆఫీసులో పిల్లికూనకి కూడా భాషమీద ప్రేమ పుట్టుకొచ్చేది.

బాబాయి మొదటిసారి నిలబడ్డ రోజున వాచ్‌మన్‌కి జలుబు. నీళ్లు పారడం, వాగులు పారడం, కుళాయి పారడం అన్నీ ఒకే అరలో పెట్టి, ముక్కుని కూడా అందులోనే పడేశాడు బాబాయి.

“బాబాయ్, ఒక్క మాట,” అన్నాడు వాచ్‌మన్ చేతిరుమాలు తీస్తూ. “ఇప్పుడు నా ముక్కు పారుతోందంటారా, కారుతోందంటారా?”

ఆఫీసంతా వాచ్‌మన్ ముక్కువైపు చూసింది. సందేహించడానికేమీ లేదు. ముక్కుకి వేరే అర కావాలి. వాచ్‌మన్ కుర్చీ గెలిచి, దాన్ని గేటు దగ్గరికి మోసుకుపోయాడు. ఫ్యాను పైనే ఉండిపోయింది.

రెండోసారి ఎమ్మే గులాబీరంగు చొక్కా వేసుకొచ్చాడు. నిన్నటిదాకా అది తెల్లచొక్కా. వాళ్లక్కయ్య ఎర్ర తువ్వాలుతో కలిపి ఉతికింది.

“ఇది కూడా పారడమేనా బాబాయ్?” అని చొక్కా లాగి చూపించాడు. రంగు దిగడానికీ అర లేదు.

ఆ సాయంత్రం బాబాయి అరల ముందు కూర్చుని చీటీలు మళ్లీ తిరగేశాడు. తర్వాత లేచి, “నేను చేసిన తప్పేంటో తెలిసింది. కాగితం చూశాను గానీ పని చూడలేదు. ఇకనుంచి కళ్లారా చూడందే ఏ చీటీనీ అరలో పెట్టను,” అని ప్రకటించాడు.

అన్నట్టే చేశాడు. మూలింటి పంపు దగ్గర నిలబడి నీళ్లు పట్టుకునేవాళ్లతో తిట్లు తిన్నాడు. ఆరో నంబరు బస్సులో ఆ చివరినుంచి ఈ చివరికి మూడుసార్లు తిరిగాడు. నాలుగోసారి డ్రైవరే తనని దారి అడిగాడని తర్వాత చెప్పుకున్నాడు. కోడలి మేజోడు మడమ దగ్గర ఒక పోగు తెగి, నిచ్చెనలా పైకి పాకుతుంటే, ఆ అమ్మాయిని కదలొద్దని కేకేసి, పావుగంట చూశాడు. చూసొచ్చిన ప్రతిదానికీ గోడమీద ఒక అర, అర మీద ఒక కాగితం. దానిమీద అర్థం రాసేవాడు కాదు, ఎక్కడ చూశాడో అది రాసేవాడు. ‘వాచ్‌మన్ ముక్కు’. ‘ఆరో నంబరు’. ‘ఎమ్మే చొక్కా’.

ఇంటికెళ్లాక భార్యకు చెప్పేవాడు. “వింతేంటంటే, వాళ్ల మిల్లు పరిగెడుతుంది, మనది నడుస్తుంది. వాళ్ల సినిమా పరిగెడుతుంది, మనది ఆడుతుంది. ఎన్నికలొస్తే కొన్ని దేశాల్లో పరిగెడతారట, మనవాళ్లు నిలబడతారు.”

“నిలబడటమే నయం. మోకాళ్లకి మంచిది,” అనేది ఆవిడ.

మాట పుట్టుక కూడా తవ్వాడు. పెద్దాయన గదిలో పాత పుస్తకాలున్నాయి. వెయ్యేళ్ల కిందటి ఇంగ్లీషులో ఈ మాట ‘రిన్నన్’ అని ఉండేదట. మనిషి పరుగుకీ అదే, నీటి పరుగుకీ అదే. పక్కనున్న జర్మన్ వాళ్లు మాత్రం వేరు కాపురం పెట్టి, నీటికి ఒకటీ కాళ్లకి ఒకటీ ఉంచుకున్నారు. ముందు నీళ్లే పరిగెత్తాయనీ, మనిషి వాటిని చూసి నేర్చుకున్నాడనీ బాబాయి వాదం.

“అలాగని ఎక్కడా రాసి లేదయ్యా,” అన్నాడు పెద్దాయన.

“రాసేవాడు అప్పటికి పుట్టలేదు కద సార్. మరి రాసిపెట్టేదెవరు?”

పెద్దాయన నవ్వి వదిలేశాడు. నీళ్ల అర మొదటిదిగానే ఉండిపోయింది.

అలా నాలుగు నెలల్లో అరవై నాలుగు అరలు తేలాయి. అరవై నాలుగూ చూసినవే. అందరికీ అలాగే చెప్పాడు. ఒక్క చీటీ సంగతి మాత్రం చెప్పలేదు.

పాతకాలపు ఇల్లాళ్ల పుస్తకమేదో చదివి ఎవరో పంపిన వాక్యం అది. పాలు ‘రన్’ అయ్యేదాకా వెచ్చగా ఉంచి, తర్వాత పొడుగు కత్తితో కోయాలని ఉంది. బాబాయి దాన్ని అటూ ఇటూ తిప్పాడు. పాలేమిటి, కత్తేమిటి. భార్య పన్నెండేళ్లుగా పాల ఫ్యాక్టరీలో, చీజ్ చేసే గదిలో పనిచేస్తోంది. “వచ్చి చూడండి, మా దగ్గర పాలతో చెయ్యనిదేముంది,” అని ఆవిడ అననే అంది. కానీ ఫ్యాక్టరీకి రెండు బస్సులు మారాలి, దిగాక ఇనుప మెట్లు ముప్పై. ఆ వారం మోకాలు మరీ సలుపుతోంది. పాలు కారిపోయి ఉంటాయిలే అనుకుని, చీటీని ‘కారే బిందె’ అన్న అరలో దోపేశాడు. దోపిన చేత్తోనే దానిమీద ఇంకో పది చీటీలు పెట్టాడు, కనపడకుండా.

మూడోసారి ముడికి ముందురోజున ఆయన సెలవు పెట్టి ఇంట్లోనే అరవై నాలుగూ వల్లె వేస్తున్నాడు. ఫోన్ మోగింది.

“ఏవండీ, నా కళ్లజోడు టీవీ మీద మర్చిపోయాను. థర్మామీటరు మీద అంకెలు చీమల్లా కనపడుతున్నాయి. కాస్త తెచ్చిపెట్టరూ.”

“రెండు బస్సులే.”

“తెలుసండీ, రోజూ ఎక్కుతున్నది నేనేగా.”

ఇంక మాట్లాడటానికేముంది, వెళ్లాడు. ముప్పై ఇనుప మెట్లూ ఎక్కి కళ్లజోడు ఇచ్చాడు. లోపలికి రావాలంటే తలకి టోపీ, కాళ్లకి రబ్బరు బూట్లు తప్పవన్నారు. అవి వేసుకుని తొట్టి పక్కన నిలబడితే భార్య ఎగాదిగా చూసింది.

“అచ్చం మా సూపర్‌వైజర్‌లా ఉన్నారు. ఏమీ చెయ్యకుండా నిలబడటం కూడా ఆయన లాగే.”

తెల్లటి పలకల గోడలు. గోరువెచ్చటి పాలవాసన. మనిషి దిగి ఈతకొట్టేంత స్టీలు తొట్టినిండా పాలు, ఇంకా సుడి తిరుగుతూనే ఉన్నాయి. ఆవిడ అంకె చూసుకుని, గోధుమరంగు సీసాలోంచి కొలిచిన మందేదో నీళ్లలో కలిపి పాలలో పోసింది. ఒక నిమిషం తిప్పి, తెడ్డు పైకి తీసేసింది.

“ఇంక ముట్టుకోకూడదు. కదిపితే చెడిపోతుంది. ముప్పావుగంట అలా కూర్చోండి.”

కూర్చున్నాడు. ఇంతసేపు కదలకుండా, మాట్లాడకుండా ఆయన కూర్చున్నది తొమ్మిదో తరగతి తర్వాత మళ్లీ అదే. ముప్పావుగంటకి ఆవిడ వేలు శుభ్రంగా కడుక్కుని పాలలోకి దించి పైకెత్తింది. పాలు ఒలకలేదు. నున్నగా రెండుగా విడిపోయాయి.

“పేరుకున్నాయి,” అని, గోడకున్న పొడుగు కత్తి తీసి, తొట్టి ఈ చివరినుంచి ఆ చివరికి కోయడం మొదలుపెట్టింది.

బాబాయి కత్తివైపు చూస్తూ ఉండిపోయాడు. తర్వాత సీసా తీసుకుని కళ్ల దగ్గర పెట్టుకుని చదివాడు. రెన్నెట్ అని ఉంది.

“ఏమైందండీ, మొహం అలా పెట్టారు?”

“ఏం లేదు. మీ పాలు మా చీటీలో ఉన్నాయే.”

తిరుగు బస్సు ఇంటికి ఎక్కలేదు. ఆఫీసుకెళ్లి, పెద్దాయన గదిలో పాత పుస్తకం తీశాడు. ఆ సీసా మీది మాట ‘రన్’ ఇంటిదే. విడివిడిగా ఉన్న పాలు పరిగెత్తుకొచ్చినట్టు ఒక్కచోట చేరి గట్టిపడటాన్ని ఒకప్పుడు ఇంగ్లీషులో కొన్ని ఊళ్లవాళ్లు అలా అనేవారట. కారడం కాదు, పారడం కాదు. కారేదీ పారేదీ ఆగిపోవడం. అరవై నాలుగు అరల్లో దేనిలోనూ అది పట్టదు.

అన్నం తినేటప్పుడు భార్యకి జరిగిందంతా చెప్పాడు. రేపు తప్పితే మాట పోతుందని, రెండక్షరాలూ పోతాయని ఆవిడకు తెలుసు.

“ఇప్పుడు కొత్త అర పెట్టేయకూడదా?”

“అరల పట్టీ నిన్ననే పెద్దాయనకి ఇచ్చేశాను. ఇచ్చాక మార్చకూడదు.”

“ఈ పాల సంగతి ఆఫీసులో ఇంకెవరికైనా తెలుసా?”

“ఎవరికీ తెలీదు.”

“నేనైతే చెప్పను.” ఆవిడ మజ్జిగ పోసింది. “కానీ మీరు ఊరుకోగలరా అన్నదే నా అనుమానం. మన పెళ్లిచూపుల్లో మీ వాళ్లు దాచమన్న సంగతులన్నీ గుమ్మంలోనే చెప్పేసిన మనిషి మీరు.”

“అప్పుడు కుర్రతనం.”

“ఇప్పుడేం మారారు గనక,” అంది ఆవిడ.

మర్నాడు పదకొండింటికి పొడుగు బల్ల చుట్టూ చేరారు. బాబాయి నిలబడ్డాడు. పట్టీ చూడకుండానే చదివాడు. నీళ్ల దగ్గర మొదలుపెట్టి, కాళ్లు, బస్సులు, మిల్లు, సినిమా, ముక్కు, రంగు, మేజోడు దాటుకుంటూ అరవై నాలుగో అర దగ్గర ఆగాడు. ఆయన నడకని చూసినవాళ్లు ఆ చదువు వింటే ఇద్దరూ ఒకరేనని నమ్మరు.

వాచ్‌మన్ లేచాడు. “మా వీధిలో ఒకాయన్ని కుక్క తరిమింది.”

“నువ్వు పరిగెత్తావా, ఆయన పరిగెత్తాడా?”

“ఇద్దరం.”

“రెండో అర. కూర్చో.”

ఎమ్మే చీటీ చూసుకుంటూ మూడు వాక్యాలు విసిరాడు. జ్వరం గురించి ఒకటి, రెండు ఊళ్ల మధ్య సాగే రోడ్డు గురించి ఒకటి, ఒక కుటుంబంలో వంశపారంపర్యంగా వచ్చే బట్టతల గురించి ఒకటి. మూడింటికీ అరలున్నాయి. బట్టతల దగ్గర బాబాయి అనవసరంగా పెద్దాయన తలవైపు చూశాడు. ఎమ్మే చీటీ మడిచి జేబులో పెట్టుకున్నాడు.

“అయిపోయాయి బాబాయ్. ఈసారి మీదే,” అన్నాడు. ఆ మాట మనసారానే అన్నాడు.

ఇంకెవరూ లేవలేదు. పెద్దాయన సొరుగులోంచి ఎర్రదారం తీశాడు. అరల్లోంచి తీసి బల్లమీద పేర్చిన చీటీల కట్టలన్నిటి చుట్టూ తిప్పి, రెండు కొసలూ చేతిలోకి తీసుకున్నాడు. బాబాయి ఆ కొసల్నే చూస్తున్నాడు. ముడి పడటానికి ఒక్క లాగు చాలు. ఆయన కుడిచెయ్యి బొటనవేలు, చూపుడువేలు వాటంతటవే కలుసుకున్నాయి, సీసపు అక్షరాన్ని పట్టుకున్నట్టు.

“ఒక్క నిమిషం సార్,” అన్నాడు. “నా దగ్గర ఒకటుంది.”

పెద్దాయన తలెత్తాడు. “నీ మాటకి నువ్వే వేస్తావా?”

“ఎవరైనా వెయ్యొచ్చన్నారు కద సార్. నేను ఎవరైనాలో లేనా?”

‘కారే బిందె’ అర తాలూకు కట్టలోంచి పది చీటీలు తీసి పక్కన పెట్టి, అడుగునున్న చీటీని బయటికి లాగాడు. చదివాడు. తొట్టి గురించి, వేలు గురించి, పొడుగు కత్తి గురించి చెప్పాడు. ఎప్పుడూ ఒకటికి పది కలిపి చెప్పే మనిషి, ఆ పూట ఏమీ కలపలేదు. రెండు బస్సులకి బద్ధకించి చూడకుండా పెట్టానని కూడా చెప్పాడు.

“ఏ అరలో పెడతావ్?” అని అడిగాడు పెద్దాయన.

“ఎక్కడా పట్టదు సార్.”

పెద్దాయన చీటీ తీసుకుని రెండుసార్లు చదివాడు. దారం విప్పి, వేలికి చుట్టి, మళ్లీ సొరుగులో పెట్టాడు. ఆయనకి బాధగానే ఉంది. అయినా పద్ధతి పద్ధతే. ఒకరికోసం సడలిస్తే రేపు పుస్తకంలో ఏ ముడినీ నమ్మలేరు.

“మూడోది,” అన్నాడు. “సోమవారం నుంచి ‘రన్’ ఎమ్మే చూస్తాడు.”

“మరి కుర్చీ ఎవరికి సార్?” అని వాచ్‌మన్ అడిగాడు. తప్పు పట్టినవాడికే కదా అని లెక్క చూస్తే అది బాబాయికే వచ్చింది. వాచ్‌మనే దాన్ని తీసుకొచ్చి ఫ్యాను కింద వేసి, దుమ్ము తుడిచాడు. తుడిచి, ఎవరూ అడక్కుండానే టీ తెచ్చాడు.

సోమవారం పొద్దున ఎమ్మే గోడముందు నిలబడి, చేతులు నడుం మీద పెట్టుకుని, ఒక్కో అర మీది కాగితమే చదువుకుంటూ పోయాడు. ‘మూలింటి పంపు’. ‘కోడలి మేజోడు’. ‘ఎమ్మే చొక్కా’ దగ్గర కొంచెంసేపు ఆగాడు. అర్థం అన్నది ఎక్కడా రాసి లేదు.

“బాబాయ్, ఇవి చూసి నేనేం రాయాలి?”

బాబాయి ఫ్యాను కింద కుర్చీలోంచి కదలలేదు. “కుర్చీ లాక్కుని ఇలా కూర్చో నాయనా. ఒక్కోటీ చెబుతాను. ఆరో నంబరు బస్సుతో మొదలుపెడదాం. నాలుగోసారి ఆ డ్రైవరు బండి ఆపి, నావైపు తిరిగి ఏమన్నాడో తెలుసా?”

అరవై నాలుగు కథలు చెప్పడానికి పన్నెండు రోజులు పట్టింది. ఎమ్మే అన్నీ రాసుకున్నాడు. కలిపినవేవో, చూసినవేవో మెల్లగా విడదీయడం కూడా నేర్చుకున్నాడు. పదమూడో రోజున ఒక ఖాళీ అర మీద కొత్త కాగితం అంటించి, దానిమీద తన చేత్తో ‘పిన్నిగారి పాలు’ అని రాసి, చీటీ లోపల పెట్టబోయాడు.

“ఆగు,” అన్నాడు బాబాయి. “నువ్వు చూశావా?”

“మీరు చెప్పారుగా.”

“నేను చెప్పింది నువ్వు విన్నావు. చూశావా?”

ఎమ్మే చీటీని అర దగ్గరనుంచి వెనక్కి తీసుకున్నాడు.

“రెండు బస్సులు. దిగాక ముప్పై ఇనుప మెట్లు. మీ పిన్ని మూడింటికి మందు పోస్తుంది,” అన్నాడు బాబాయి. లేచి, గోడకి తగిలించిన గొడుగు తీసి ఎమ్మేకి ఇచ్చాడు. “టోపీ పెట్టుకోమంటారు. పెట్టుకో. నవ్వుతుంది, నవ్వనీ.”